మూడు ఫుల్ టికెట్లు

మొన్న శుక్రవారం భద్రకాళి అమ్మవారి గుడికి పోదామని మట్టెవాడ నుంచి చౌరస్తా దాకా నడిచి బస్సెక్కాను. ఆడవాళ్లతో నిండిపోయి ఉంది, కాలు పెట్టే సందు లేదు. కొత్తగా డ్యూటీలో చేరినట్టున్న కండక్టరమ్మాయి టికెట్ మిషను గుండెకు ఆనించుకుని వెనక డోరు దగ్గర నిలబడి "రైట్ రైట్" అని అరిచింది. రెండుసార్లు ఎందుకు, ఒక్కసారి అంటే చాలదా అనుకున్నాను. అనుకున్న మరుక్షణం ఎవరిని తలుచుకుని అట్లా అనుకున్నానో అర్థమై నా మీద నాకే ఒళ్లు మండింది.

ఆమె ఒక్కసారే అనేది.

కండక్టర్లందరూ "రైట్ రైట్" అంటారు. ఆమె "రైట్" అని ఒకేసారి అని నోరు మూసుకునేది. గట్టిగా కూడా కాదు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని పక్క గదిలోని మనిషికి చెప్పేంత గొంతు. ఆ మాత్రానికే అంత బస్సూ కదిలేది. ఆపాలంటే "ఓల్డాన్". అదీ ఒకసారే. డ్యూటీ దిగినా ఆ రెండు మాటలు ఆమెను దిగేవి కావు. చాయ్ పోసేవాడు గ్లాసు నింపుతుంటే "ఓల్డాన్". నా స్నేహితురాలు రజిత కబురు మొదలుపెట్టి ఎక్కడికో పోతుంటే "ఓల్డాన్ పిల్లా, ఈ స్టేజీ దాటినవ్". లేవాల్సిన వేళకు "రైట్". అంతే, అందరూ లేచేవారు. నేనూ లేచేదాన్ని. అదే నాకు నచ్చేది కాదు.

ఆమె పేరు ఇక్కడ రాయను. మేము ఎప్పుడూ పిలిచిందీ లేదు, అక్కా అనేవాళ్లం. సైకిల్ మీద వచ్చినప్పుడు జేబులుంటాయని పాత ఖాకీ చొక్కా వేసుకునేది. పేరు పట్టీ ఊడదీసిన చోట రెండు సూది బెజ్జాలు మాత్రం ఉండేవి.

రజిత గురించి చెప్పకపోతే ఇదంతా అర్థం కాదు. నేను బడికి పోలేదు. చిన్నప్పుడు ఆయాసం ఉండేదని నాయిన నన్ను ఇంట్లోనే చదివించాడు. అక్షరాలు, ఎక్కాలు, ఆ తర్వాత పద్యాలు, అన్నీ మా వంటింటి గడప మీదనే. రాత్రి పడుకునే ముందు ఆ రోజు దొరికినవాటికి దేవునికి పేరుపేరునా దండం చెప్పుకోవడం కూడా ఆయన పెట్టిన పాఠమే. అన్నం దొరికింది, దండం. వాన పడింది, దండం. ఇప్పటికీ అట్లా చెప్పుకోనిదే నాకు కన్ను మూతపడదు. నాయిన ఇవ్వలేనిది ఒకటే, బెంచీ మీద పక్కన కూర్చునే మనిషి. బడికి పోయినవాళ్లకు అట్లాంటివాళ్లు తరగతికొకరు దొరుకుతారు. నాకు దొరికింది గోడ అవతలి ఇంటి రజిత ఒక్కతే. సాయంత్రం బడి నుంచి వచ్చి, సంచీ వాళ్ల అరుగు మీద పడేసి, మా గడప మీద నా పక్కన వచ్చి కూర్చునేది. పెళ్లిళ్లయ్యాక కూడా ఇద్దరమూ మట్టెవాడలోనే ఉండిపోయాం. నా దండాల్లో ఆమె పేరు తప్పిన రోజు లేదు.

రెండేళ్ల కింద రజితకు షుగర్ వచ్చింది. రోజూ నడవమని దవాఖానలో చెప్పారు. "నడుసుడు నాతోటి కాదు, తొక్కుమంటే తొక్కుత" అని సైకిల్ కొన్నది. ఆమె పక్కన ఉండొచ్చు కదా అని నేనూ ఒకటి కొన్నాను. ఆదివారం పొద్దున్నే ఖిలా వరంగల్ దాకా పోయి, రాతి తోరణాల దగ్గర ఒక తిరుగుడు తిరిగి వచ్చేవాళ్లం. ఆ తొవ్వ ఇద్దరు పక్కపక్కన పోవడానికి సరిగ్గా సరిపోయేది.

ఒక ఆదివారం మూడో సైకిల్ వచ్చింది.

రజిత హనుమకొండలో ఒక బట్టలు కుట్టే దుకాణానికి రోజూ బస్సులో పోయేది, ఆ బస్సు కండక్టరుగా ఆమె పరిచయం. ఆడవాళ్లకు బస్సు ఉచితం, పైసలు లేకుండా కొట్టిచ్చేది జీరో టికెట్. "రోజు నీకు జీరో టికెట్ కొట్టీ కొట్టీ, నీ మొఖం చూస్తే మిషన్ దానంతటదే కాయితం కక్కుతాంది పిల్లా" అన్నదట ఆమె. ఆ మాట రజిత నాకు చెప్పి చెప్పి నవ్వింది. నాకు అంత నవ్వు రాలేదు. నేను చెప్పిన ఏ మాటనూ రజిత ఇంకొకరికి చెప్పి నవ్వినట్టు నాకు గుర్తు లేదు.

ఆమె సైకిల్ దిగగానే మొదట చేసిన పని వంగి మా రెండు సైకిళ్ల టైర్లను బొటనవేలితో నొక్కి చూడటం. అది ఆమె అలవాటు. ఆగిన ప్రతిచోటా నొక్కేది. టైరే కాదు, జామకాయనూ అట్లాగే నొక్కేది, మెత్తని రొట్టెనూ అట్లాగే. ఆ రోజు నా భుజాన్ని కూడా అదే వేలితో నొక్కి, "పూజారమ్మకు గాలి తక్కువున్నది" అన్నది. నా నుదుటి కుంకుమ చూసి పెట్టిన పేరు అది. రజిత విరగబడి నవ్వింది.

సైకిల్ మీద భద్రాచలం పోవాలని, రాములవారి ముందు చెమటతో నిలబడాలని నా కోరిక. రజితకు ఒక్కదానికే చెప్పుకున్నాను, అదీ గుసగుసగా. రజిత ఆమెకు చెప్పింది. ఆమె, "ములుగు మీదికెల్లి పోదాం. ఆ తొవ్వ నా పాత రూటే" అన్నది. ఒక్క మాటతో సెలవు పెట్టింది, ఎక్కడ ఆగాలో, ఎక్కడ పడుకోవాలో తేల్చేసింది. కోరిక నాది, తొవ్వ ఆమెది అయిపోయింది. అందరూ ఆమెనే అడగడం మొదలుపెట్టారు. మా ఆయన కూడా, "అక్కా, మా ఇంటామెను జర చూసుకోండ్రి" అని ఆమెకే అప్పజెప్పాడు, నేనేదో సంచీ అయినట్టు.

బయలుదేరే పొద్దున చలి ఇంకా పోలేదు. కొత్త బండికి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం మా దగ్గర అందరూ చేసేదే. అంత దూరం పోతున్నాం, మంచిదని నేను ముగ్గురి ముందు టైర్ల కిందా ఒక్కో నిమ్మకాయ పెట్టి, కుంకుమ అద్దాను. కారు టైరుకు లొంగే నిమ్మకాయ సైకిల్ టైరుకు లొంగదని నాకు తట్టలేదు. రజిత టైరు కింది నిమ్మకాయ సర్రున జారి మోరీలో పడింది. నా చక్రం నిమ్మకాయ మీదికి ఎక్కీ ఎక్కక పక్కకు తిరిగి, నేను సైకిల్‌తో సహా పక్కింటి వాళ్ల ముగ్గు మీద కూలబడ్డాను. ఆ ఇంటి ముసలమ్మ వాకిట్లో నిలబడి, "ఇంకా గల్లీ కూడ దాటలేదు గదనే" అన్నది.

ఆమె తొక్కలేదు. వంగి తన నిమ్మకాయ తీసింది. బొటనవేలితో నొక్కింది. "మంచిగున్నది. దీన్నెందుకు తొక్కుడు, మనతోటే రానీ. గింత చిన్నదానికి టికెట్ అక్కెర లేదు." అని ఖాకీ జేబులో వేసుకుంది. నన్ను లేపింది, నా చీర కుచ్చిళ్లకు అంటిన ముగ్గు దులిపింది. "రైట్" అన్నది.

ముగ్గురిలో నిమ్మకాయ చెక్కుచెదరకుండా ఉన్నది ఆమె దగ్గరే. ములుగు రోడ్డు ఎక్కేదాకా నా కళ్లు ఆ జేబు మీదనే ఉన్నాయి.

ఆత్మకూరు దాకా లారీల రద్దీ, ఒకరి వెనక ఒకరం పోయాం. ఆ తర్వాత రద్దీ తగ్గింది. అప్పుడు వాళ్లిద్దరూ పక్కపక్కకు వచ్చారు. ఎవరూ అనుకుని చేసింది కాదు. రోడ్డు అంచున ఇద్దరికే చోటు, మూడో సైకిల్ వెనకాలే ఉండాలి. ఆ మూడోది నాదయింది. పొద్దంతా నేను రెండు వీపులు చూస్తూ తొక్కాను. ఒకటి ఖాకీ, ఒకటి రజిత పసుపు పచ్చ కుర్తా. మాటలు వినిపించేవి కావు, గాలికి చివరలు మాత్రం వచ్చేవి. "...అన్నడా?" "...ఇంకేమంటడు." తర్వాత నవ్వు. ఆ నవ్వు నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన నవ్వు. దాన్ని ఎప్పుడూ పక్కనుంచే విన్నాను. వెనకనుంచి అది వేరే మనిషి నవ్వులా ఉంది.

గూడెప్పాడ్ దగ్గర చాయ్‌కి ఆగాం. అక్కడ బల్ల మీద కూర్చున్న ఒక తాత మా ముగ్గురినీ, మూడు సైకిళ్లనూ ఎగాదిగా చూశాడు.

"యాడికి బిడ్డా?"

"భద్రాచలం తాతా" అన్నది రజిత.

"ఆడోళ్లకు బస్సు ఫ్రీ జేసిరి గదా. ఇదేం కర్మ?"

నేను జవాబు చెప్పబోయాను. నా దగ్గర మంచి జవాబు ఉంది, రాముడి గురించి. ఆమె చాయ్ ఊదుకుంటూ, "అందరూ బస్సెక్కవట్టె తాతా, నాకు నిలవడ జాగ ఉంటలేదు. అందుకే గీ ఇద్దరిని దింపి తోల్కపోతాన" అన్నది. తాత నవ్వి నవ్వి దగ్గాడు. చాయ్ పోసేవాడు ఇంకో మూడు గ్లాసులు ఊరికే ఇచ్చాడు. నా జవాబు నాలోనే ఉండిపోయింది.

ములుగు ఇంకా రాకముందే గట్టమ్మ తల్లి గుడి వస్తుంది. ఆ తొవ్వన పోయే ఏ బండీ ఆ తల్లికి మొక్కకుండా పోదు. ఆమె "ఓల్డాన్" అన్నది. నేను కొబ్బరికాయ కొట్టి, పసుపూ కుంకుమా పెట్టి, నాకు వచ్చిన స్తోత్రాలన్నీ ఒక్కటీ వదలకుండా చదివాను. ఇది నా పని. ఇక్కడ ఎవరూ నన్ను దాటి పోలేరని లోపల ఒక ధీమా. నేను కళ్లు తెరిచేసరికి ఆమె నా పక్కన నిలబడి ఉంది. చెప్పులు విడిచింది, చేతులు కూడా పూర్తిగా జోడించలేదు, డ్యూటీలో డ్రైవరుకు లెక్క చెబుతున్నట్టు అన్నది:

"అమ్మా, ముగ్గురం. మూడు ఫుల్ టికెట్లే. హాఫ్ లేదు, జీరో లేదు."

అంతే. తర్వాత జేబులోంచి నిమ్మకాయ తీసి నా చేతిలో పెట్టింది. "నీదే గదా, నువ్వే వెట్టు."

పెట్టాను. నిమ్మకాయ కుంకుమతో సహా ఎక్కడా నలగకుండా ఉంది. నేను అంతసేపు చదివింది అమ్మవారికి వినిపించిందో లేదో తెలియదు గానీ, ఆ ముక్క మాత్రం వినిపించిందని నాకు ఎందుకో గట్టిగా అనిపించింది. పిల్లలు నలుగురు ఒకేసారి పిలిస్తే తల్లి ఒకరి వైపే తిరుగుతుంది చూడండి, అట్లా. ఆమె ఇంట్లో దీపం పెట్టి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తు లేదని రజిత చెప్పేది. మరి ఇదెక్కడి న్యాయం అని అడుగుదామనుకున్నాను, ఎదురుగా ఉన్నది అమ్మవారు కాబట్టి ఊరుకున్నాను.

ఆ రాత్రి ములుగులో రజిత చిన్నమ్మ ఇంట్లో పడుకున్నాం. నా దండాలు మొదలుపెట్టాను. పంక్చరు కాలేదు, దండం. ఎండ ముదరలేదు, దండం. చిన్నమ్మ వేడినీళ్లు పెట్టింది, దండం. రజిత. దండం. ఆ తర్వాత ఆమె వంతు వచ్చింది, నా నోరు రాలేదు. పక్క మంచం మీద వాళ్లిద్దరూ దుప్పటి కింద ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. నేను అటు తిరిగి పడుకున్నాను. నాయిన నేర్పిన పాఠం సగంలో ఆపింది ఆ ఒక్క రాత్రే.

రెండో రోజు అడవి. పస్రా దాటాక రెండు పక్కలా చెట్లే, రోడ్డు ఎక్కుడూ దిగుడూ. అదే వరుస. ముందు రెండు వీపులు, వెనక నేను. తాడ్వాయికి ముందు ఒక కల్వర్టు దగ్గర నేను సైకిల్ ఆపి, గోడ మీద కూర్చున్నాను. వాళ్లు చాలా దూరం పోయాక గానీ చూసుకోలేదు. వెనక్కి వచ్చారు.

"ఏమైందే?" అన్నది రజిత.

"నేను పోత. వచ్చే బస్సెక్కి ఇంటికి పోత."

"కాళ్లు గుంజుతానయా?"

"ఆ. కాళ్లే."

రజిత సీసాలు తీసుకుని అవతల కనబడుతున్న బోరింగు దగ్గరికి పరుగెత్తింది. ఆమె నా పక్కన గోడ మీద కూర్చుంది. వంగి నా టైరు నొక్కింది. గాలి ఉంది.

"కాళ్లా, కండ్లా?" అన్నది.

"ఏంది?"

"గుంజేది కాళ్లా, మండేది కండ్లా అని."

నా ముఖం వేడెక్కింది. కండ్లమంట, అంటే ఓర్వలేనితనం, ఆ మాట పూర్తిగా అనకుండానే అనేసింది. నేను ఏదో చెప్పేలోపు ఏటూరునాగారం వైపు నుంచి బస్సు వచ్చింది. ఆమె లేచి చెయ్యి ఎత్తింది. స్టేజీ కాని చోట, అడవి మధ్య, బస్సు ఆగింది. డ్రైవరు తల బయటపెట్టాడు.

"ఏందక్కా, సైకిల్ మీదికొచ్చినవ్? డిపోల బస్సులు ఒడిసినయా?"

"నా సంగతి తర్వాత. ఒక ప్యాసింజరున్నది" అని నా వైపు తిరిగింది. "ఎక్కు. నీకు జీరో టికెట్. సైకిల్‌కు మాత్రం లగేజి కొట్టాలె. దాన్ని మీదికెక్కియ్యాలె. ఎవలెక్కిస్తరో మరి, నేనైతే ఎక్కియ్య."

కిటికీలన్నిట్లో తలలు మొలిచాయి. ఒకామె, "ఎక్కుతవా లేదా అమ్మా, పొద్దువోతాంది మాకు" అన్నది. ఇంకొకామె, "మొగనితోటి కొట్లాడి వచ్చినట్టున్నది" అన్నది. అప్పుడు రజిత నీళ్ల సీసాలతో పరుగెత్తుకుంటూ వచ్చింది. నేను రజిత ముఖమే చూశాను. పోకే అంటుందని చూశాను. ఆ ఒక్క మాట కోసం అంత బస్సునూ ఆపి కూర్చున్నాను.

రజిత నా వైపు చూడలేదు. ఆమె వైపు చూసింది. "అక్కా, ఇప్పుడెట్ల?" అన్నది.

నా గురించి కూడా ఆమెనే అడిగింది.

నాకు అప్పుడు ఒక్క సంగతి స్పష్టంగా కనిపించింది. నేను బస్సెక్కితే మంగపేట దాకా, మణుగూరు దాకా, భద్రాచలం గుడి మెట్ల దాకా వాళ్లిద్దరే పక్కపక్కన. వెనక వీపులు చూసే మనిషి కూడా ఉండదు. నన్ను ఆ గోడ మీది నుంచి లేపింది అదే. రాముడు లేపాడని రాస్తే ఇంకా బాగుండేది, కానీ ఆయన నా అబద్ధం కోరుకోడు. లేచాను, సైకిల్ స్టాండు తన్నాను.

"ఎక్క" అన్నాను.

ఆమె డ్రైవరుకు "రైట్" అన్నది. బస్సు పోయింది. పోయిన దుమ్ము సద్దుమణిగాక ఆమె తన సైకిల్‌ను వెనక్కి నడిపించి నా సైకిల్ వెనక నిలబెట్టింది.

"ఇగ మీరిద్దరు ముందట నడువుండ్రి. నేను ఎనక డోర్ కాడ ఉంట. నా జాగ అదే."

అట్లా నాకు నా చోటు దొరికింది. రజిత పక్కన, భుజానికి భుజం, చేయి చాపితే హ్యాండిలు అందేంత దగ్గర. ఎన్ని ఆదివారాలుగా మొక్కుకున్న చోటు. మొదటి మలుపు దాటాం. రజిత మెడ తిప్పి వెనక్కి చూసింది. దిగుడు వచ్చింది, మళ్లీ చూసింది. నేను మా చిన్నప్పటి గడప ముచ్చట ఒకటి మొదలుపెట్టాను, ఊఁ కొడుతూనే వెనక్కి చూసింది. సైకిల్ నా పక్కన ఉంది గానీ తల వెనకనే ఉంది. ఆమెను వెనక్కి పంపి నేను ఏం గెలిచానో నాకు అంతుపట్టలేదు.

ఇంకాసేపటికి ఇంకోటి గమనించాను. నేనూ చూస్తున్నాను. ఆమె వస్తోందా అని కాదు, "రైట్" ఎప్పుడు అంటుందా అని. ఎక్కుడు దగ్గర కాలు ఆడనప్పుడు వెనక నుంచి ఆ మాట ఒక్కసారి వచ్చేది. పాలు పొంగాయన్నంత గొంతుతో. కాలు దానంతటదే తొక్కేది. రజిత మీద కోపం మొదలైంది అప్పుడే. ఇన్నాళ్లూ ఈ గొంతును ఒక్కతే పక్కన పెట్టుకుని పోయింది కదా అని.

సాయంత్రం ఏటూరునాగారంలో సైకిల్ దిగి అరుగు మీద కాళ్లు చాపుకున్నాను. ఆమె వచ్చి టైర్లు మూడూ నొక్కింది. తర్వాత అదే బొటనవేలితో నా పిక్కను నొక్కింది. "ఇగ ఫుల్లున్నది" అన్నది. ఆ రాత్రి దండాల్లో ఆమె పేరు చెప్పాను. నోటికి అడ్డం పడలేదు. ఆ తర్వాతి గోదారి ఒడ్డు, భద్రాచలం గుడి, రాములవారి ముందు చెమటతో నిలబడటం, అవన్నీ జరిగాయి, వాటికి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. కానీ ఆమెను తలుచుకుంటే నాకు కనబడేది ఆ కల్వర్టే.

ఆరు నెలల కింద ఆమెకు వేరే డిపోకు బదిలీ అయింది. దూరం. ఇంట్లో ఎవరో మంచాన పడ్డారని తనే అడిగి చేయించుకుందట. ఎవరో నాకు తెలియదు. రజితకు తెలుసు. ఫోను కూడా రజితకే వస్తుంది. రజిత స్పీకర్ పెడుతుంది, చివర్లో "పూజారమ్మకు గాలున్నదా?" అని అడుగుతుంది ఆమె. ఉన్నదని రజితే చెబుతుంది. ఫోను నా చేతికి ఇవ్వదు. రజితకు నేను పడ్డ పాత బాకీ ఏదో ఇట్లా తీరుతోంది అనుకుంటాను.

ఆదివారాలు మళ్లీ మేమిద్దరమే. పక్కపక్కనే పోతాం, తొవ్వ సరిపోతుంది. తోరణం దగ్గర మలుపు రాగానే ఇద్దరమూ ఒకేసారి వెనక్కి చూస్తాం. మొన్న ఆదివారం అక్కడ నీళ్లు తాగి లేస్తూ నేను "రైట్" అన్నాను. రజిత కదలలేదు.

"నీకు ఆ మాట వస్తలేదే. నువ్వంటే ఆగబుద్దయితాంది" అన్నది.

నిజమే. రాదు. బస్సులోని ఆ కొత్త అమ్మాయికీ రాదు, అందుకే రెండుసార్లు అరిచింది.

రోజూ దీపం పెట్టి, నాకు వచ్చిన స్తోత్రాలన్నీ చదివి, దండాలన్నీ చెప్పుకున్నాక చివర్లో ఒకటి కలుపుతున్నాను. అమ్మా, ముగ్గురం, మూడు ఫుల్ టికెట్లే. నా ప్రార్థనలో నాది కాని మాట అదొక్కటే, మొదట వినబడేదీ అదేనని నా అనుమానం. గట్టమ్మ దగ్గర ఆమె ఒక్కసారే అన్నది. నేను రోజూ రెండుసార్లు అంటున్నాను.